కిమోనో: మారని కోత, మారుతూ వచ్చిన అర్థాలు

జపాన్ వెళ్లొచ్చే మనవాళ్లలో చాలామంది క్యోటోలోనో, టోక్యోలోని అసకుసాలోనో ఒక పూట కిమోనో అద్దెకు తీసుకుని ఫొటోలు దిగుతున్నారు. ఆ ఫొటోలు చూసినవాళ్లకు రెండు సందేహాలు వస్తుంటాయి. వేరే దేశపు సంప్రదాయ దుస్తులు మనం వేసుకోవచ్చా అన్నది మొదటిది. జపాన్‌వాళ్లే రోజూ వేసుకోని బట్టకు ఇంత పట్టింపు ఎందుకు అన్నది రెండోది. 2015లో బోస్టన్‌లోని ఒక మ్యూజియంలో, 2019లో ఒక లోదుస్తుల బ్రాండ్ పేరు దగ్గర ఇవే ప్రశ్నలు పెద్ద గొడవలయ్యాయి. ఆ వాదనల్లో ఒకరు వెయ్యేళ్ల సంప్రదాయం గురించి, ఇంకొకరు నూరేళ్ల నాటి జాతీయ చిహ్నం గురించి, మరొకరు వలసకుటుంబాల అవమానాల గురించి మాట్లాడారు. అందుకే అవి ఎటూ తేలలేదు.

ఈ చిక్కు విప్పాలంటే ముందు ఆ బట్ట ఎలా తయారవుతుందో చూడాలి. కిమోనో గురించిన మిగతా సంగతులన్నీ దాని కోత దగ్గరే మొదలవుతాయి.

ఒక తాను, ఎనిమిది ముక్కలు

కిమోనోకు కావాల్సింది ఒక తాను. వెడల్పు సుమారు 36 నుంచి 38 సెంటీమీటర్లు, పొడవు 12 మీటర్ల పైచిలుకు. మగ్గం మీద నేసేటప్పుడే ఒక మనిషికి ఒక తాను అన్న లెక్కతో నేస్తారు.

కోత ఎలా సాగుతుందో చూద్దాం. ముందు రెండు పొడవాటి ముక్కలు తీస్తారు. ఒక్కోటి మూడు మీటర్లకు పైనే ఉంటుంది. అది ముందువైపు అంచు నుంచి భుజం మీదుగా వీపు వెనక కింద అంచు దాకా ఒకే ముక్కగా వస్తుంది. కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. భుజం దగ్గర కుట్టు ఉండదు. తర్వాత చేతులకు మీటరు చొప్పున రెండు ముక్కలు. మిగిలిన బట్టను నిలువుగా చీలిస్తే ముందువైపు ఒకదాని మీద ఒకటి వచ్చే రెండు సన్నని పట్టీలు, కాలరు, కాలరు మీద వేసే ఇంకో పట్టీ వస్తాయి. మొత్తం ఎనిమిది. కత్తెర తిన్నగానే నడుస్తుంది. చంక దగ్గరా, నడుము దగ్గరా వంపు కోతలు ఉండవు కాబట్టి బట్ట దాదాపు వృథా కాదు.

మెడ దగ్గరా, పక్కల్లోనూ ఎక్కువైన గుడ్డను కత్తిరించి పారేయరు, లోపలికి మడిచి కుట్టేస్తారు. కుట్లు విప్పితే ముక్కలన్నీ దీర్ఘచతురస్రాలే. వాటిని మళ్లీ వరసగా కలిపి కుడితే పాత తాను తిరిగొస్తుంది. పట్టు కిమోనోను పద్ధతిగా ఉతకాలంటే ఇలాగే చేసేవారు: కుట్లు విప్పి, ముక్కలను ఒక తానులా కలిపి, ఉతికి, గంజి పెట్టి, సాగదీసి ఆరేసి, మళ్లీ కుట్టేవారు. దీన్ని అరాయిహరి అంటారు. అమ్మమ్మ కిమోనోను మనవరాలి కొలతకు మార్చడం, పాతబడ్డాక దాన్ని పొట్టి పైకోటుగా, ఆ తర్వాత పరుపు గలీబుగా మార్చడం ఇందువల్లే కుదిరేది.

మన చీరలాగే ఇక్కడ కూడా ఒళ్లుకు సరిపడటం కట్టులోనే ఉంది. ఆడవాళ్ల కిమోనో మనిషి కంటే పొడవుగా ఉంటుంది. మిగులును నడుము దగ్గర మడిచి తాడుతో బిగిస్తారు. దాని మీద ఒబి అనే పట్టీ చుడతారు. వేడుకలకు కట్టే ఒబి నాలుగు మీటర్లకు పైగా పొడవు, సుమారు 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. వేసుకునేవారి ఎడమ అంచు ఎప్పుడూ పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చేలా చుట్టేది శవానికి మాత్రమే. మిగతా తప్పులను చూసీచూడనట్టు వదిలేసేవాళ్లు కూడా ఈ ఒక్కటి ఊరుకోరు.

పెళ్లిలో నిలబడ్డ నలుగురు

కోత అందరికీ ఒకటే. రాజకుమారి కిమోనో, కూరగాయలమ్మే ఆమె కిమోనో విప్పి పరిస్తే ఆకారంలో పెద్ద తేడా కనిపించదు. ఐరోపా ఫ్యాషన్‌లో ఆకారం మారుతూ ఉంటుంది. నడుము బిగుస్తుంది, గౌను ఉబ్బుతుంది, మోకాలి పైకి పోతుంది. కిమోనోలో అలాంటి మార్పుకు చోటు తక్కువ కాబట్టి, చెప్పాల్సినదంతా గుడ్డ రకం, అద్దకం, బొమ్మ ఎక్కడ ఉంది, చేతుల పొడవెంత, ఒబి ఎలా కట్టారు అన్న వాటి మీదికి వచ్చి చేరింది.

ఒక జపాన్ పెళ్లి ఊహించుకోండి. ఒకామె నల్ల కిమోనోలో ఉంది. నడుము పైన ఎక్కడా బొమ్మ లేదు. కింద అంచు చుట్టూ మాత్రం కొంగలు, దేవదారు కొమ్మలు. వీపు మధ్యలో, రెండు చేతుల వెనక, రెండు వైపులా ఛాతీ మీద తెల్లటి చిన్న గుర్తులు, మొత్తం ఐదు. అవి కుటుంబ చిహ్నాలు. ఈ కిమోనోను కురోతొమెసోడే అంటారు. అది కట్టుకుందంటే ఆమె వధువు తల్లో, వరుడి తల్లో, దగ్గరి బంధువో. వివాహిత అన్నది ఖాయం.

ఆమె పక్కన ఒక అమ్మాయి. కిమోనో చేతులు మడమల దగ్గరి దాకా వేలాడుతున్నాయి, ఒళ్లంతా పూలే. అది ఫురిసోడే, పెళ్లికాని యువతి వేసేది. జనవరి రెండో సోమవారం జరిగే వయోజన దినోత్సవం రోజున జపాన్ వీధుల్లో గుంపులుగా కనిపించేవి ఇవే.

మూడో ఆమె స్నేహితురాలు. లేత రంగు కిమోనో, భుజం నుంచి చేతి మీదికి, అక్కడి నుంచి అంచు దాకా ఒకే బొమ్మ కుట్లు దాటుకుంటూ తెగకుండా సాగింది. ఇది హోమోంగి. కుట్టు దగ్గర బొమ్మ కలవడం మామూలు పని కాదు. తెల్లటి తానును ముందే కత్తిరించి, తాత్కాలికంగా కిమోనోలా కుట్టి, దాని మీద బొమ్మ గీసి, మళ్లీ విప్పి రంగు వేసి, చివరికి అసలు కుట్టు వేస్తారు. దూరం నుంచి చూస్తే అంతా పూల బట్టే. తెలిసినవాళ్ల కళ్లు మాత్రం ముందు కుట్టు మీదికే పోతాయి.

నాలుగో ఆమె తన దగ్గరున్న అన్నిటికంటే ఖరీదైన కిమోనో కట్టుకుని వచ్చిందనుకుందాం. అది ఇబరాకి, తొచిగి ప్రాంతాల్లో నేసే యూకి త్సుముగి. పట్టు దూదిని చేత్తో పోగుగా లాగి, నడుముకు కట్టుకునే పాతకాలపు మగ్గం మీద నేసే బట్ట. 2010లో యునెస్కో జాబితాలో చేరింది. ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. అయినా పెళ్లికి పనికిరాదు. త్సుముగి పుట్టింది రైతుల ఇళ్లలో, పట్టుగూళ్లలో నాసిరకంగా మిగిలినవాటి నుంచి. ఎంత ఖరీదైనా దాని హోదా ఇంటి బట్టదే. కిమోనోలో ధర ఒకటి, హోదా ఇంకొకటి అని అర్థం కావడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పువ్వు విరియక ముందే

హోదా తర్వాత ఋతువు. స్థిరపడిన క్యాలెండర్ ప్రకారం అక్టోబరు నుంచి మే దాకా లైనింగ్ ఉన్న కిమోనో, జూన్, సెప్టెంబరు నెలల్లో లైనింగ్ లేనిది, జులై, ఆగస్టుల్లో ఒళ్లు కనిపించేంత పలచని నేత. బొమ్మలు ఋతువు కంటే కొంచెం ముందు నడవాలంటారు. చెర్రీ పూల కిమోనో చెట్టు మొగ్గ మీద ఉన్నప్పుడు కడితే అందం. ఎండాకాలపు యుకతా అనే నూలు కిమోనో మీద మంచు రేకులు కనిపిస్తే అది పొరపాటు కాదు. చూసేవాళ్లకు చల్లగా అనిపించాలని వేస్తారు.

ఇప్పుడు ఈ క్యాలెండర్‌కు వాతావరణంతో పేచీ వచ్చింది. మే నెలలోనే ఎండలు మండుతుంటే లైనింగ్ కిమోనోలో చెమటలు కక్కుతూ తిరగడం ఎందుకని చాలామంది మేలోనే లైనింగ్ తీసేస్తున్నారు. టీ సెర్మనీ వంటి చోట్ల పాత లెక్కనే పట్టుకుంటున్నారు. కిమోనో వేసుకునేవాళ్ల మధ్య నిజంగా నడిచే చర్చల్లో ఇదొకటి. బయటివాళ్లకు దీని గురించి పెద్దగా తెలియదు.

లోపలి బట్ట బయటికి వచ్చింది

క్రీ.శ. 719లో వచ్చిన ఒక రాజశాసనం ప్రజలంతా ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోవాలని ఆదేశించింది. అది చైనా పద్ధతి. ఆనాటి జపాన్ రాజాస్థానం తాంగ్ వంశం ఏలుతున్న చైనాను చూసి పాలన, లిపి, నగర నిర్మాణం అన్నీ నేర్చుకుంటోంది, బట్టలతో సహా. జపాన్‌దనానికి గుర్తుగా ఇవాళ మనం చూసే ఆ అంచు కూడా అలా వచ్చిందే.

హేయాన్ కాలంలో (794–1185) ఆస్థాన స్త్రీలు పొరల మీద పొరలు వేసుకునేవారు. మనిషి తెర వెనక ఉండేది, తెర కింద నుంచి చేతుల అంచులు మాత్రం బయటికి కనిపించేవి. ఆ అంచుల్లో ఏ రంగు పక్కన ఏ రంగు వచ్చిందన్నదాన్ని బట్టి ఆమె అభిరుచిని అంచనా కట్టేవారు. ఆ రంగుల జోడింపులకు రేగు పువ్వులనీ, మేపుల్ ఆకులనీ పేర్లుండేవి. ఈ పద్ధతి పూర్తిగా పోలేదు. 2019 అక్టోబరు 22న చక్రవర్తి పట్టాభిషేక వేడుకలో మహారాణి మసాకో వేసుకున్నది ఆ పొరల వస్త్రమే.

ఈ పొరలన్నిటి అడుగున, ఒంటికి ఆనుకుని, సన్నని చేతి మూతి ఉన్న ఒక సాదా వస్త్రం ఉండేది. దాని పేరు కొసోడే. మామూలు జనం పైన వేసుకున్నదీ అలాంటిదే. కాలక్రమంలో ఆస్థానానికి ఆ బరువైన పొరలు మోసే స్తోమత తగ్గింది. 1467 నుంచి 1477 దాకా సాగిన ఓనిన్ యుద్ధం క్యోటోను బూడిద చేసింది. లోపలి కొసోడే పైబట్ట అయింది. ఇవాళ్టి కిమోనోకు ముత్తాత అదే. ఆ యుద్ధంలో పడమటి సైన్యం దిగిన చోటికి తర్వాత నేతగాళ్లు తిరిగొచ్చి స్థిరపడ్డారు. జరీ ఒబిలకు పేరుపడిన నిషిజిన్ పేట అదే.

షోగన్ ఆంక్షలు, వర్తకుల డబ్బు

టోక్యో పాత పేరు ఎదో. ఆ నగరం నుంచి షోగన్ అనే సైనిక పాలకుడు దేశాన్ని ఏలిన ఎదో కాలంలో (1603–1868) సమాజం నిచ్చెనమెట్లుగా ఉండేది. పైన సమురాయ్‌లు, అడుగున వర్తకులు. డబ్బు మాత్రం వర్తకుల దగ్గర చేరింది. ఆ డబ్బును భూమి మీదో, పదవి మీదో పెట్టే వీలు లేదు, బట్ట మీద పెట్టారు. 1681లో ఇషికావా రొకుబే అనే ఎదో నగర వర్తకుడి భార్య, షోగన్ త్సునయోషి ఊరేగింపు పోయే దారిలో ఆయన కంట పడేలా వైభవంగా ముస్తాబై కూర్చుందని చెబుతారు. ఆ కుటుంబం ఆస్తి జప్తు చేసి ఊరి నుంచి వెళ్లగొట్టారు. 1683లో జరీ కుట్టు, చుక్కల ముడి అద్దకం వంటి ఖరీదైన పనులను ఆడవాళ్ల బట్టల మీద నిషేధించారు.

నిషేధం రెండు దారులు తెరిచింది. ఒకటి యూజెన్ అద్దకం. మియజాకి యూజెన్ అనే క్యోటో విసనకర్రల చిత్రకారుడి పేరు మీద వచ్చింది. చెరిగిపోయే నీలి పూల రసంతో పట్టు మీద బొమ్మ గీస్తారు. ఆ గీత వెంట బియ్యపు జిగురును సన్నని దారంలా పిండుతారు. జిగురు గట్టు లోపల కుంచెతో రంగు నింపుతారు, గట్టు దాటి రంగు పాకదు. ఆవిరి పట్టి, నీళ్లలో కడిగితే జిగురు పోయి తెల్లటి సన్నని గీత మిగులుతుంది. జరీ లేకుండా, ముడి అద్దకం లేకుండా, బొమ్మ గీసినంత స్వేచ్ఛగా బట్టను అలంకరించే వీలు దొరికింది. ఆంక్షల వల్లే యూజెన్ పుట్టిందని కొందరు సూటిగా చెప్పేస్తారు. అంతకుముందే ఇలాంటి జిగురు పద్ధతులు ఉన్నాయి కాబట్టి, ఆంక్షలు దానికి గిరాకీ పెంచాయనడం సరిగ్గా ఉంటుంది.

రెండో దారి ఎదో నగరపు రుచి. దాన్ని ఇకి అన్నారు. బయటికి గోధుమ, బూడిద రంగులు, సన్నని చారలు. లోపల లైనింగ్ మీద మాత్రం పట్టు, చిత్రకళ. 'నలభై ఎనిమిది గోధుమలు, నూరు బూడిదలు' అనే నానుడే పుట్టింది. కొన్ని గోధుమ ఛాయలకు కబుకీ నాటకాల నటుల పేర్లు పెట్టుకుని జనం వెర్రిగా కొనేవారు. ఎక్కువగా మెరిస్తే మోటు, దగ్గరికి వస్తే గానీ తెలియని ఖరీదు అసలైన అందం అన్న భావన ఇలా ఒక పోలీసు నిబంధన పక్కన పెరిగింది. జపాన్ సౌందర్య దృష్టి అంటే జెన్ బౌద్ధుల ఆశ్రమం నుంచే వచ్చిందనుకునేవాళ్లు ఈ వర్తకుల వీధిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

చిత్రకారుడికి కిమోనో ఏమైంది

కిమోనోను పరిచి వెనక వైపు నుంచి చూస్తే పెద్ద బొమ్మ పటం. అందుకే 1660ల నుంచి అచ్చయిన డిజైన్ల పుస్తకాల్లో పేజీకో వీపు కనిపిస్తుంది. కాన్‌బున్ కాలపు (1661–1673) కిమోనోల్లో బొమ్మ ఒక భుజం మీద మొదలై, వీపు మీదుగా ఏటవాలుగా ఊగి, అంచు దగ్గర దిగుతుంది. ఎడమ నడుము దగ్గర పెద్ద ఖాళీ. ఆ ఖాళీ ధైర్యం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తర్వాత అది ఎందుకు పోయిందంటే కారణం చాలా మామూలుది. ఒబి వెడల్పు పెరిగింది. నడుము దగ్గర వెడల్పాటి పట్టీ అడ్డం వచ్చాక ఒక చివర నుంచి ఇంకో చివరికి సాగే బొమ్మ మధ్యలో తెగిపోతుంది. అప్పుడు పైన ఒక బొమ్మ, కింద ఒక బొమ్మగా విడిపోయింది, చివరికి కింద అంచుకే పరిమితమైంది. పెళ్లిలో చూసిన నల్ల కిమోనో అంచు మీద కొంగలు ఎందుకున్నాయో దీంతో తెలుస్తుంది. ఇప్పుడు అది గాంభీర్యానికి గుర్తు, మొదట్లో మాత్రం ఒబికి చోటిచ్చిన సర్దుబాటు.

చిత్రకళకూ బట్టకూ మధ్య గోడ లేదనడానికి ఒగాతా కోరిన్ పేరు చాలు. బంగారు తెరల మీద నీలి ఐరిస్ పూలు వేసిన ఈ మహా చిత్రకారుడు పుట్టింది క్యోటోలోని కరిగనేయా అనే బట్టల వర్తకుల ఇంట. వాళ్లు రాజకుటుంబానికి వస్త్రాలు సరఫరా చేసేవారు. 18వ శతాబ్దం మొదట్లో కోరిన్ ఎదోలో ఫుయుకి అనే వర్తక కుటుంబానికి తెల్లటి పట్టు కొసోడే మీద శరదృతువు గడ్డిపూలను స్వయంగా కుంచెతో వేసిచ్చాడు. అది ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. నగర జీవితాన్ని చూపే ఉకియో-ఎ చిత్రాల తొలి పెద్ద పేరు హిషికావా మొరొనొబు. ఆయన వేసిన, వెనక్కి తిరిగి చూస్తున్న సుందరి చిత్రంలో ముఖం చిన్నది, పక్క నుంచి కనిపిస్తుంది. కంటిని పట్టేది ఎర్ర కిమోనో వీపు. ఆయన తండ్రి కూడా కుట్టుపని, అద్దకం చేసే కుటుంబంవాడే.

'తగసోడే' తెరలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. వీటిలో మనుషులే ఉండరు. కొయ్య దండెం మీద వేలాడుతున్న కిమోనోలు మాత్రమే ఉంటాయి. ఎవరివో ఊహించుకోవడం చూసేవాళ్ల పని. 20వ శతాబ్దంలో కుబొతా ఇచ్చికు (1917–2003) మ్యూజియంలో ఒక పాత త్సుజిగహనా అద్దకపు ముక్క చూసి, మరుగున పడిన ఆ పద్ధతిని తనదైన తీరులో తిరిగి తేవడానికి జీవితం పెట్టాడు. ఆయన 'సింఫనీ ఆఫ్ లైట్' ఒక కిమోనో కాదు. 80 కిమోనోలను పక్కపక్కన నిలబెడితే ఋతువులు మారుతున్న ఒకే ప్రకృతి దృశ్యం కనిపించేలా తలపెట్టాడు. పూర్తి కాకముందే పోయాడు. ఫుజి కొండ దగ్గర కవగుచి సరస్సు ఒడ్డున ఆయన మ్యూజియంలో వాటిని చూడవచ్చు.

కోరమాండల్ తీరంతో ఒక ముడి

తెలుగు నేలకు ఇందులో నిజమైన చుట్టరికం ఉంది. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చి కంపెనీ మచిలీపట్నంలో స్థావరం పెట్టుకుంది. 1641 నుంచి నాగసాకి దగ్గర దెజిమా దీవిలో వ్యాపారం చేసుకోనిచ్చిన ఐరోపావాళ్లు కూడా వాళ్లొక్కరే. కోరమాండల్ తీరపు అద్దకం నూలు బట్టలు ఆ ఓడల్లో జపాన్ చేరాయి. అక్కడ వాటిని సరసా అన్నారు. చిన్న ముక్కను కూడా అపురూపంగా దాచుకుని, టీ సామగ్రి సంచులకు, లోపలి దుస్తులకు వాడుకున్నారు. తర్వాత జపాన్ అద్దకందారులు తమ సొంత సరసా తయారు చేసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో షోగన్ కానుకలుగా ఇచ్చిన కిమోనో తరహా అంగీలు నెదర్లాండ్స్ చేరాయి. అక్కడి పెద్దమనుషులకు ఇంట్లో వేసుకోవడానికి తెగ నచ్చాయి. జపాన్ నుంచి వచ్చేవి కొద్దిగానే కాబట్టి, అదే కోతలో కోరమాండల్ కలంకారీ బట్టతో కుట్టించుకునేవారు. జపాన్ కోత, మన తీరపు అద్దకం, డచ్చి ఒళ్లు. 'ఎవరి బట్ట ఎవరు వేసుకోవచ్చు' అన్న చర్చలో ఈ అంగీలను గుర్తుంచుకోవడం మంచిది.

జాతీయ దుస్తులు కావడం

1868 దాకా జపాన్‌లో ఇది కేవలం బట్ట. పక్కన పెట్టి చూడటానికి వేరే రకం వచ్చాకే అది 'జపాన్ బట్ట' అయింది. 1868లో షోగన్ పాలన పోయి చక్రవర్తి పేరు మీద వచ్చిన మేజీ ప్రభుత్వం 1872లో అధికారిక వేడుకలకు పాశ్చాత్య దుస్తులు నిర్ణయించింది. మగవాళ్లు ఆఫీసుకు సూటులో వెళ్లి ఇంట్లో కిమోనో కట్టుకున్నారు. ఆడవాళ్లు ఎక్కువమంది కిమోనోలోనే ఉండిపోయారు. క్రమంగా దేశపు పాతదనాన్ని మోసే బాధ్యత ఆడవాళ్ల ఒంటి మీద పడింది. అలాగని పైవాళ్లంతా కిమోనోనే కోరుకోలేదు. 1887లో మహారాణి చేసిన ప్రకటన పాశ్చాత్య దుస్తులనే ప్రోత్సహించింది. ప్రాచీన జపాన్ స్త్రీలు పైబట్ట, కింది బట్ట విడిగా వేసేవారు కాబట్టి, పాశ్చాత్య గౌనే దానికి దగ్గరని అందులో వాదించారు.

ఇవాళ ప్రాచీనం అనిపించే చాలా సంగతులు ఆ తర్వాత పుట్టినవే. హోమోంగి తైషో కాలంలో (1912–1926), డిపార్ట్‌మెంట్ స్టోర్ల చేతుల మీదుగా వచ్చింది. తేలిగ్గా కట్టుకునే నగోయా ఒబి కూడా ఆ కాలానిదే. 1673లో ఎచిగోయాగా మొదలై తర్వాత మిత్సుకోషిగా మారిన దుకాణం 1905 ప్రాంతంలో పాత గెన్‌రోకు కాలపు (1688–1704) బొమ్మలను కొత్త ఫ్యాషన్‌గా అమ్మింది. చవకైన మైసెన్ పట్టు మీద ఐరోపా ఆధునిక కళను పోలిన ముదురు రంగుల డిజైన్లు వచ్చాయి. మన పోచంపల్లి ఇక్కత్‌లాగే మైసెన్‌లోనూ నేయక ముందే పోగుకు రంగు వేస్తారు. కాకపోతే పడుగును వదులుగా నేసి, అచ్చులతో రంగు వేసి, ఆ నేత విప్పుతూ మళ్లీ నేసేవారు. యుద్ధం దగ్గరపడ్డాక మగపిల్లల కిమోనోల మీద, మగవాళ్ల కోటు లైనింగుల మీద విమానాలు, ట్యాంకులు వచ్చాయి. 1940లో విలాస వస్తువుల మీద నిషేధం వచ్చింది. యుద్ధం ముగిసిన ఆకలి రోజుల్లో పట్నంవాళ్లు తమ కిమోనోలను ఒక్కొక్కటిగా పల్లెలకు తీసుకెళ్లి బియ్యానికి మార్చుకున్నారు.

ఆ తరం తర్వాత అమ్మ నుంచి కూతురికి కట్టు నేర్పే గొలుసు తెగింది. 1960ల నుంచి కిమోనో కట్టడం నేర్పే స్కూళ్లు వెలిశాయి. ఎక్కడ ఏది కట్టాలో పట్టికలు వచ్చాయి. ముడతలు లేకుండా, నడుము దగ్గర తువ్వాలు పెట్టి ఒళ్లంతా గొట్టంలా చేసే పద్ధతి 'సరైనది'గా స్థిరపడింది. పాత చిత్రాల్లో ఆడవాళ్లు ఎంత వదులుగా, అంచు నేల మీద జీరాడుతూ కట్టుకున్నారో చూస్తే తేడా తెలుస్తుంది. వీధిలో ఆపి అపరిచితుల కాలరు సర్దే పెద్దావిడలను యువత 'కిమోనో పోలీసులు' అంటోంది. ఆ స్కూళ్లే లేకపోతే కట్టు పూర్తిగా పోయేదన్న సమర్థన కూడా తీసిపారేసేది కాదు.

ఇంకో చిక్కు. 1879లో జపాన్ కలిపేసుకున్న ర్యుక్యూ రాజ్యానికి (ఇప్పటి ఒకినావా) బింగతా అనే సొంత అద్దకం ఉంది. దాన్ని ఇప్పుడు జపాన్ కిమోనో వారసత్వంలో భాగంగా చూపిస్తారు. అది గౌరవమా, మింగేయడమా అన్నది ఒకినావాలో ఎవరిని అడుగుతామో దాన్ని బట్టి ఉంటుంది.

బోస్టన్ గొడవలో ఎవరిది ఏ వాదన

1876లో క్లోద్ మోనే తన భార్య కమీల్‌కు ఎర్రటి జపాన్ అంగీ తొడిగి బొమ్మ వేశాడు. అంగీ మీద కత్తి దూస్తున్న యోధుడు, చేతిలో ఫ్రెంచి జెండా రంగుల విసనకర్ర. ఆ చిత్రం బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌ది. అది జపాన్‌లో ప్రదర్శనకు వెళ్లినప్పుడు జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఆ అంగీకి నకళ్లు కుట్టించింది. అక్కడి సందర్శకులు సంతోషంగా వేసుకుని ఫొటోలు దిగారు. 2015 వేసవిలో అదే పని బోస్టన్‌లో పెడితే నిరసన మొదలైంది. మ్యూజియం వేసుకోవడం ఆపించి, ముట్టుకుని చూడనిచ్చింది. అప్పుడు కిమోనోలు కట్టుకున్న జపాన్ స్త్రీలు సహా కొందరు వచ్చి, ఆపడమే తప్పని ఎదురు నిరసన చేశారు.

నిరసనకారుల్లో ఎక్కువమంది ఆసియా మూలాల అమెరికన్ యువత. 1942 నుంచి అమెరికా సుమారు 1,20,000 మంది జపాన్ మూలాలవాళ్లను శిబిరాల్లో బంధించింది. అనుమానిస్తారన్న భయంతో అంతకుముందే చాలా కుటుంబాలు జపాన్ వస్తువులను కాల్చేశాయి, పాతిపెట్టాయి. ఏ బట్ట ఇంట్లో ఉండటమే నేరంగా కనిపించిందో, అదే బట్ట ఇంకొకరికి సరదా వేషం అవుతుంటే బాధ కలుగుతుంది. టోక్యోలో పుట్టిపెరిగిన మనిషికి ఈ గాయం లేదు. ఆమెకు కిమోనో ఎక్కువమంది కడితే నేతగాడికి పని దొరుకుతుంది, దేశానికి పేరొస్తుంది. ఇద్దరిదీ నిజాయితీగల మాటే. కాకపోతే 'జపాన్‌వాళ్లకు అభ్యంతరం లేదు' అన్న జవాబు మొదటివాళ్ల ప్రశ్నకు సరిపోదు. మొదటివాళ్ల బాధను పట్టుకుని క్యోటోలో అద్దె కిమోనో వేసుకున్న పర్యాటకురాలిని తప్పుపట్టడమూ కుదరదు. నాకు తెలిసినంతలో, చోటు మారితే అర్థం మారిపోయే ఉదాహరణ ఇది.

2019 జూన్‌లో అమెరికా టీవీ తార కిమ్ కర్దాషియన్ తన లోదుస్తుల బ్రాండ్‌కు కిమోనో అని పేరు పెట్టి, ట్రేడ్‌మార్క్ కోరినప్పుడు అభ్యంతరం వేరే రకం. అక్కడ ఎవరూ కిమోనో కట్టుకోలేదు. అందరిదైన పేరు మీద ఒకరు హక్కు తీసుకోవడమే సమస్య. అప్పటి క్యోటో మేయర్ కదొకావా దైసకు, తానే నిత్యం కిమోనోలో తిరిగే మనిషి, పునరాలోచించమని లేఖ రాశారు. ఆగస్టులో బ్రాండ్ పేరు స్కిమ్స్ అయింది. ఈ రెండు గొడవలనూ ఒకే గాటన కట్టడం వల్ల చాలా చర్చలు పక్కదారి పట్టాయి.

వేసుకునేవాళ్లు, నేసేవాళ్లు

క్యోటోలో అద్దెకిచ్చే కిమోనోల్లో చాలావరకు పాలిస్టర్, డిజైన్ మిషన్ మీద అచ్చయింది, ఒబి ముడి ముందే కట్టి ఉంటుంది. వాటిని చిన్నచూపు చూసేవాళ్లు ఉన్నారు. వీధిలో కిమోనో కనిపించడమే మానేస్తే కొత్త తరానికి కోరిక ఎలా పుడుతుందని అడిగేవాళ్లూ ఉన్నారు. అసలు ఒత్తిడి వేరే చోట ఉంది. ఒకప్పుడు పట్టు ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచిన జపాన్, 1872లోనే తొమియోకాలో ప్రభుత్వ పట్టు మిల్లు పెట్టిన జపాన్, ఇప్పుడు కిమోనో పట్టులో అత్యధిక భాగం దిగుమతి చేసుకుంటోంది. పట్టుపురుగులు పెంచేవాళ్లు, మగ్గానికి దువ్వెన పళ్లు చేసేవాళ్లు, జిగురు పిండేవాళ్లు, ఒక్కో పనికి మిగిలిన కొద్దిమందీ పెద్దవయసువాళ్లే. 1950 నాటి సాంస్కృతిక సంపద రక్షణ చట్టం కింద ప్రభుత్వం గొప్ప కళాకారులను గుర్తిస్తుంది. జనం వీరిని సజీవ జాతీయ సంపద అంటారు. యూజెన్ కళాకారుడు మొరిగుచి కకో, ఆయన కొడుకు కునిహికో ఇద్దరికీ ఆ గౌరవం దక్కింది. పనిముట్లు చేసే మనిషికి అలాంటి గుర్తింపు అంత తేలిగ్గా అందదు. అతను పని మానేస్తే ఆ కళాకారుడి పని కూడా ఆగుతుంది.

క్యోటోలో ప్రతి నెలా 21న తోజి ఆలయం దగ్గర, 25న కితానో తెన్‌మన్‌గూ దగ్గర సంత జరుగుతుంది. అక్కడ పాత పట్టు కిమోనోలు కుప్పలుగా పోసి, కొత్తదాని ధరలో చిన్న ముక్కకే అమ్ముతారు. యువతీయువకులు వాటిని కొని, బూట్ల మీద, టీషర్టుల మీద, తమకు తోచిన ఒబితో కట్టుకుంటున్నారు. పట్టికల స్కూళ్లు దీన్ని ఒప్పుకోవు. ఎదో నగరపు అమ్మాయిలు చూస్తే ఇందులో తప్పేముందని అనుకునేవారేమో. ఆ కుప్పల్లోంచి కొన్న కిమోనో వల్ల నిషిజిన్‌లో మగ్గానికి ఒక్క మీటరు పని కూడా రాదన్నది మాత్రం నేతగాళ్లు పదేపదే చెప్పే మాట. దానికి ఇంకా ఎవరి దగ్గరా జవాబు లేదు.